కుప్పకూలే కంప్యూటరుకు చిట్టా రాయడం

పద్యాలు, కథలు, పిల్లలు వేసిన బొమ్మలు దాటుకుని ఈ పేజీకి వచ్చిన అమ్మానాన్నలకు "వారమంతా ఆఫీసులో చూసేది ఇదే కదా, మళ్ళీ ఇక్కడ కూడానా?" అనిపిస్తే అందులో తప్పు లేదు. అయితే 2024 జనవరి నుంచి మార్చి దాకా బడి గుమ్మం దగ్గర కలిసిన ప్రతివారూ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "మన సర్వరు ఎందుకండీ అలా పడిపోతోంది?" పార్కింగు లాటులో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగిన జవాబు కాదది. అందుకని సంపాదకులను అడిగి ఈ కొద్ది పేజీలు తీసుకున్నాము. ఆరో తరగతి దాటిన పిల్లలు కూడా చదవగలిగేలా రాయాలని మా ప్రయత్నం. పిల్లలూ, ఎక్కడైనా కష్టమనిపిస్తే పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకోండి. కంప్యూటరు ముక్కలు మీరు వాళ్ళకు చెప్పండి, తెలుగు ముక్కలు వాళ్ళు మీకు చెబుతారు.

సంగతేమిటంటే, ఇంటి దగ్గర చదివిన పాఠాలను, పద్యాలను పిల్లలు తమ గొంతుతో రికార్డు చేసి పంపే ఏర్పాటు మన బడిలో ఉంది. అవన్నీ ఒక వలంటీరు ఇంటి బేస్‌మెంటులో ఉన్న పాత డెస్క్‌టాపులో నడిచే వర్చువల్ మెషీన్‌లోకి చేరతాయి. ఆ మెషీన్ చెప్పాపెట్టకుండా ఆగిపోతూ వచ్చింది. జనవరి 13 శనివారం రాత్రి ఒకసారి, 25 గురువారం మధ్యాహ్నం ఒకసారి, ఫిబ్రవరి 3 శనివారం రాత్రి ఇంకోసారి. ఆ తర్వాత మూడు వారాలు బంగారంలా నడిచింది. హమ్మయ్య అనుకునేలోపు ఫిబ్రవరి 25 ఆదివారం పొద్దున్న, క్లాసులకు గంట ముందు, మళ్ళీ పడింది.

పడిన ప్రతిసారీ సగంలో ఉన్న రికార్డింగులు పోయాయి. చాలామంది పిల్లలు విసుక్కోకుండా మళ్ళీ చదివి పంపారు. ఒక పాప మాత్రం ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ చేత పొడుపుకథలు చెప్పించి, ఆవిడ తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి పంపింది. బడి వెబ్ పేజీలోనే నేరుగా రికార్డు చేసింది కాబట్టి ఇంట్లో ఇంకో కాపీ లేదు. ఫైలు సగమే చేరింది. తర్వాత అమ్మమ్మ గారి చేత ఫోనులో మళ్ళీ చెప్పించారు గానీ, మనవరాలు తప్పు జవాబు చెప్పినప్పుడు పక్కనే కూర్చున్న ఆవిడ నవ్విన నవ్వు అందులో లేదు. ఈ సర్వరు సంగతి తేల్చాలని మేము పట్టుబట్టింది ఆ రోజు నుంచే.

కంప్యూటరులో కంప్యూటరు

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో ముందు చూద్దాము. నిజం కంప్యూటరు లోపల ఒక ప్రోగ్రాము, తానే ఇంకో పూర్తి కంప్యూటరైనట్టు నటిస్తుంది. ఆ నటన ఎంత బాగుంటుందంటే, అందులో ఎక్కించిన లైనక్స్ గానీ విండోస్ గానీ తనకు సొంత మెమరీ, సొంత డిస్కు, సొంత నెట్‌వర్కు ఉన్నాయనే నమ్ముతుంది. బయటి దాన్ని హోస్టు, లోపలి దాన్ని గెస్టు అంటారు. మనకు చక్కగా గృహస్థు, అతిథి అనే మాటలున్నాయి కాబట్టి ఇక్కడ అవే వాడుతున్నాము.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎమ్ ఇంజనీర్లు 1960లలోనే ఒక పెద్ద యంత్రాన్ని చాలా చిన్న యంత్రాలుగా చూపించే పద్ధతి కనిపెట్టారు. 1972లో ఐబీఎమ్ దాన్ని వీఎమ్/370 అనే పేరుతో అందరికీ ఇచ్చింది. మన బల్లల మీద ఉండే మామూలు కంప్యూటర్లకు దీన్ని తెచ్చి పేరు పొందింది 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన వీఎమ్‌వేర్. లైనక్స్‌లో కేవీఎమ్ అనే పేరుతో 2007లో ఇది కెర్నెలులోనే భాగమైంది. మన బడి సర్వరు ఆ కేవీఎమ్ మీదే నడుస్తుంది.

ఒక్క విషయం మాత్రం ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది. అతిథి తనను తాను ఒక పూర్తి కంప్యూటరనుకుంటుంది. గృహస్థు కళ్ళకు మాత్రం అది బ్రౌజరులాగా, ఆటలాగా, నడుస్తున్న ఇంకో ప్రోగ్రాము. అంతే.

దుంగ నుంచి చిట్టా దాకా

కంప్యూటర్లు తాము చేసే పనులను ఎప్పటికప్పుడు రాసుకుంటాయి. దాన్నే లాగ్ అంటారు. లాగ్ అంటే ఇంగ్లీషులో దుంగ కదా, ఆ మాట ఇక్కడికి ఎలా వచ్చింది? పాతకాలం ఓడల్లో వేగం కొలవడానికి, ముడులు వేసిన తాడుకు ఒక కొయ్యముక్క కట్టి నీళ్ళలో వదిలేవారు. నిర్ణీత సమయంలో ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసేవారు. అది లాగ్ పుస్తకమైంది. ఓడ వేగాన్ని ఇప్పటికీ నాట్లలో, అంటే ముడులలో, చెప్పడం అందుకే.

మనకు దీనికి ఇంతకన్నా మంచి మాట ఉంది: చిట్టా. షావుకార్లు ఏ రోజు జరిగిన జమాఖర్చు ఆ రోజు, జరిగిన వరసలో రాసుకునేది చిట్టా. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఎవరి పద్దు కింద వాళ్ళవి విడదీసి రాసుకునేది ఆవర్జా. రాసేటప్పుడు ఏది ముఖ్యమో చిట్టాకు తెలియదు, తెలియనవసరం లేదు. వరస తప్పకపోతే చాలు. కంప్యూటరు లాగ్ సరిగ్గా చిట్టాయే. మేము నెలరోజులు చేసినది దానిలోంచి ఆవర్జా తీయడం.

లాగ్ పుస్తకం అనగానే గుర్తొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 అనే కంప్యూటరు రిలేలో ఒక చిమ్మట ఇరుక్కుని పని ఆగిపోతే, ఆపరేటర్లు దాన్ని తీసి లాగ్ పుస్తకంలోనే టేపు వేసి అతికించారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. లోపాన్ని బగ్ అనడం అంతకు చాలా ముందునుంచే ఉన్నా, సాక్ష్యాన్ని ఇంత చక్కగా చిట్టాకెక్కించినవాళ్ళు మాత్రం అరుదు.

పడిపోయేవాడు రాసుకోగలడా?

మరి మన సర్వరు కూడా చిట్టా రాసుకుంటుంది కదా, తెరిచి చూస్తే సరిపోదా? మొదట మేము చూసింది అదే. మొదటి మూడుసార్లూ చిట్టా ఒకేలా ఉంది. ఎవరో పాప రికార్డింగు అందింది, ఎవరో బాబు లాగిన్ అయ్యాడు, ఇంకెవరో పాఠం తెరిచారు... అక్కడితో ఆఖరు. తర్వాతి పంక్తి మేము మళ్ళీ స్టార్టు చేసినప్పటిది. మధ్యలో ఏమీ లేదు.

ఇలా ఎందుకవుతుందంటే, లైనక్స్ ఏదైనా డిస్కు మీద రాయమంటే వెంటనే రాయదు. మామూలుగా అరనిమిషం వరకు మెమరీలోనే ఉంచుకుని, పోగైనవన్నీ ఒక్కసారి రాస్తుంది. డిస్కు నిదానం కాబట్టి ఇది తెలివైన పద్ధతే. కాని హఠాత్తుగా ప్రాణం పోతే, మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆ చివరి అరనిమిషమే పోతుంది. పైగా కెర్నెలే దెబ్బతిన్నప్పుడు డిస్కు మీద రాసే పని కూడా ఆ కెర్నెలుదే. స్పృహ తప్పుతున్న మనిషిని "ఏమవుతోందో కాస్త రాసి పెట్టు" అని అడిగినట్టుంటుంది.

ఇంట్లో వర్చువల్‌బాక్స్ వాడే పిల్లలకు ఇంకో ముఖ్యమైన మాట. ఆ ప్రోగ్రాము ప్రతి మెషీన్‌కూ బయట ఒక చిట్టా రాస్తుంది. మళ్ళీ స్టార్టు చేసినప్పుడల్లా పాతదానికి ఒకటి, రెండు, మూడు అని నెంబర్లు వేసి పక్కకు జరుపుతుంది. మామూలు అమరికలో పాతవి మూడు మాత్రమే ఉంటాయి. అంటే పడిపోయిన మెషీన్‌ను కంగారులో వరసగా నాలుగుసార్లు స్టార్టు చేశామంటే, అసలు సాక్ష్యాన్ని మన చేతులతోనే చెరిపేసినట్టు. పడగానే ముందు ఆ ఫోల్డరు కాపీ తీసుకోవాలి, తర్వాతే స్టార్టు బటను. సాక్ష్యం పోయాక వెతకడం, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

ఈలోగా వలంటీర్ల సమావేశంలో కారణాలు మాత్రం బోలెడు పుట్టాయి. బేస్‌మెంటు చలి అన్నారు ఒకరు. కరెంటు హెచ్చుతగ్గులన్నారు ఇంకొకరు. వైరస్ అని, పిల్లలందరూ ఒకేసారి పంపుతున్నారని, మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించాలని... సాఫ్ట్‌వేరువాళ్ళు పదిమంది కూర్చుంటే పదకొండు కారణాలు వస్తాయి. తుడిచేసి ఎక్కిస్తే కొన్నాళ్ళు బాగానే నడిచేదేమో, ఎందుకు నడిచిందో మాత్రం తెలిసేది కాదు.

అంగారకుడి మీద కూడా

ఎప్పుడు వస్తుందో తెలియని క్రాష్‌ను పట్టుకున్న కథల్లో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారిది. 1997 జులై 4న మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొద్దిరోజులకే దాని కంప్యూటరు ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలుపెట్టింది. రీసెట్ అయినప్పుడల్లా ఆ రోజు చేయవలసిన మిగతా పనులు మర్నాటికి వాయిదా. వెళ్ళి చూసి రావడానికి అదేమీ బేస్‌మెంటు కాదు.

అదృష్టమేమిటంటే, ఏ పని ఎప్పుడు మొదలైంది, ఏది దేనికోసం ఆగింది అని వరసగా నమోదు చేసే సౌకర్యాన్ని ఆ ఇంజనీర్లు తమ సాఫ్ట్‌వేరులో ఉంచుకున్నారు. ఇక్కడ భూమి మీద ఉన్న నకలు యంత్రంలో ఆ చిట్టాను తెరిచిపెట్టి, అదే పరిస్థితి మళ్ళీ వచ్చేవరకు గంటల తరబడి నడిపారు. వచ్చింది. చిట్టా చూస్తే కారణం తేలింది. వాతావరణం కొలిచే చిన్న పని ఒకటి, అందరికీ ఉమ్మడిగా ఉన్న తాళం పట్టుకుని ఉండగా, మధ్యరకం పనులు దాన్ని పక్కకు నెట్టాయి. ఆ తాళం కోసం అత్యవసరమైన పని కాచుకుని ఉండిపోయింది. ఇంట్లో ఒకే బాత్రూము ఉందనుకోండి. లోపల చిన్నవాడు. తాతయ్య బయటినుంచి వాడిని కబుర్లలో పెట్టారు. ఆఫీసుకు ఆలస్యమవుతున్న నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. అంతే అక్కడ జరిగినది. తాళం పట్టుకున్న పనికి, దానికోసం ఎదురుచూస్తున్న పెద్ద పని హోదాను తాత్కాలికంగా ఇచ్చే మార్పు ఒకటి భూమి నుంచి పంపారు. రీసెట్లు ఆగాయి.

ఆ కథలో మేము పట్టుకున్న ముక్క ఒకటే. క్రాష్ ఎప్పుడొస్తుందో మనకు తెలియదు కాబట్టి, అది వచ్చేనాటికి రాసేవాడు అక్కడ సిద్ధంగా ఉండాలి. మన విషయంలో ఆ రాసేవాడు పడిపోయే యంత్రానికి బయట కూడా ఉండాలి.

మేము పెట్టిన కాపలా

ఫిబ్రవరి 25 తర్వాత ఆ వారంలో బేస్‌మెంటులో మూడు ఏర్పాట్లు చేశాము.

మొదటిది సీరియల్ పోర్టు. పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది సూదులతో ఉండేది, నాన్నగారి తరంవాళ్ళు మోడెము తగిలించినది. వర్చువల్ మెషీన్‌కు కూడా ఒక ఉత్తుత్తి సీరియల్ పోర్టు తగిలించవచ్చు. దాని రెండో చివర గృహస్థు డిస్కు మీద ఒక మామూలు ఫైలు. అతిథి లైనక్స్ బూట్ అయ్యేటప్పుడు "నీ మాటలు తెర మీదే కాక ఈ పోర్టులోకి కూడా చెప్పు" అని అమరికల్లో రాస్తే, కెర్నెలు చచ్చిపోతూ అనే ఆఖరి కేక కూడా ఆ ఫైలులో పడుతుంది. సీరియల్ పోర్టు చాలా అమాయకమైన వస్తువు. డిస్కు పాడైనా, నెట్‌వర్కు పోయినా అది పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళయినా ఇంజనీర్లు దాన్ని వదలలేదు. వర్చువల్‌బాక్స్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది.

రెండోది కెడంప్ అనే అత్యవసర ఏర్పాటు. అతిథి మెమరీలో కొంత భాగం పక్కన పెట్టి, అందులో ఇంకో చిన్న కెర్నెలును నిద్రపుచ్చి ఉంచుతారు. పెద్ద కెర్నెలు కుప్పకూలితే చిన్నది లేచి, మెమరీ మొత్తాన్ని ఫోటో తీసినట్టు డిస్కుకు రాస్తుంది. విండోస్‌లో నీలి తెర వచ్చినప్పుడు తయారయ్యే డంప్ ఫైలు కూడా ఈ కోవకే చెందుతుంది.

మూడోది మేము రాసిన పదిహేను పంక్తుల చిన్న ప్రోగ్రాము. ఇది గృహస్థు మీద నడుస్తుంది. ప్రతి 10 సెకన్లకూ అతిథిని "ఉన్నావా?" అని పలకరించి, జవాబు వచ్చిందా లేదా, గృహస్థులో ఎంత మెమరీ ఖాళీగా ఉంది అన్నది టైముతో సహా ఒక పంక్తి రాస్తుంది. మూడింటిలో అతి చవకైనది, చివరికి అన్నిటికన్నా పనికొచ్చినదీ ఇదే.

టైము గురించి ఒక మాట. రెండు చిట్టాలు పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండు గడియారాలూ ఒకటే చెప్పాలి. అందుకని రెంటినీ ఇంటర్నెట్ గడియారంతో కలిపి, యూటీసీ కాలమానంలో రాయించాము. ఇక్కడి టైములో రాస్తే నవంబరులో గడియారం వెనక్కి తిప్పే రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ఏది ముందో ఏది వెనకో చిట్టా చెప్పలేదు. వంటింట్లో హైదరాబాదు గడియారం ఒకటి, ఇక్కడిది ఒకటి పెట్టుకుని అమ్మకు ఫోను చేసే మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాము.

మార్చి 2

మార్చి 2 శనివారం రాత్రి మళ్ళీ పడింది. నిజం చెప్పాలంటే మాకు సంతోషమే వేసింది. ఇక్కడి టైములో చెప్పాలంటే 9 గంటల 41 నిమిషాల 20 సెకన్లకు అతిథి పలికింది. 30 సెకన్లకు పలకలేదు.

ముందు సీరియల్ ఫైలు తెరిచాము. అందులో ఒక్క కేక లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. కెడంప్ కూడా ఏమీ రాయలేదు. చూడగానే నిరాశగా ఉంటుంది గానీ, ఈ నిశ్శబ్దం గొప్ప సాక్ష్యం. అతిథి కెర్నెలు తనలో తాను దెబ్బతిని ఉంటే సీరియల్ పోర్టులో దాదాపుగా ఏదో ఒక అరుపు ఉండేది. అరవడానికి కూడా వ్యవధి లేకుండా పోయిందంటే, ఎవరో బయటినుంచి ప్రాణం తీశారన్నమాట. అంటే అతిథిని వదిలేసి గృహస్థును ప్రశ్నించాలి.

గృహస్థు కెర్నెలు చిట్టాలో 9:41:26 దగ్గర ఒకే పంక్తి. మెమరీ అయిపోయింది కాబట్టి ఫలానా ప్రోగ్రామును చంపేశాను అని. ఆ ఫలానా ప్రోగ్రాము మన వర్చువల్ మెషీనే. మెమరీ పూర్తిగా నిండిపోయి ఇక దారి లేనప్పుడు లైనక్స్ మొత్తం యంత్రాన్ని కాపాడటానికి ఒక ప్రోగ్రామును బలి ఇస్తుంది. మామూలుగా ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్నదాన్నే ఎంచుకుంటుంది. గృహస్థుకు అతిథి ఇంకో ప్రోగ్రాము మాత్రమే అని ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. అందులో మన పిల్లల గొంతులున్నాయని దానికేం తెలుసు?

మరి అప్పుడప్పుడే ఎందుకు? ఇక్కడ మా పదిహేను పంక్తుల ప్రోగ్రాము అక్కరకొచ్చింది. ఆ డెస్క్‌టాపులో మెమరీ మొత్తం 16 గిగాబైట్లు, అతిథికి రాసిచ్చింది 10. కాని రాసిచ్చినంత మాత్రాన గృహస్థు వెంటనే ఇవ్వదు, అతిథి ముట్టుకున్నకొద్దీ ఇస్తుంది. కొత్తగా స్టార్టు చేసిన అతిథి మూడు నాలుగు గిగాబైట్లతో సర్దుకుంటుంది. రికార్డింగులు వచ్చినకొద్దీ అతిథి వాటిని తన మెమరీలో దాచుకుంటూ, కొన్నాళ్ళకు 10కి 10 ముట్టుకుంటుంది. ఒకసారి తీసుకున్నది తిరిగి ఇవ్వదు. అదొక్కటే అయితే ఇబ్బంది లేదు. అదే డెస్క్‌టాపులో వార్షికోత్సవం వీడియోలను చిన్నవిగా మార్చే పని కూడా అప్పుడప్పుడు నడిచేది. అది నడిచినంతసేపూ చాలా మెమరీ తింటుంది. అతిథి నిండుగా ఉన్న రోజున వీడియో పని తగిలిందా, అయిపోయింది. స్టార్టు చేయగానే అతిథి మళ్ళీ చిన్నదైపోతుంది కాబట్టి జబ్బు నయమైనట్టే కనిపిస్తుంది. మూడు వారాలు బంగారంలా నడవడం వెనక రహస్యం ఇదీ: ఆ మూడు వారాల్లో ఎవరూ వీడియో మార్చలేదు.

ఇది కాకతాళీయం కావచ్చు కదా అని మాలో ఒకరు అడిగారు. కాకి వాలినందుకే తాటిపండు పడిందని తేల్చేయకూడదు. మంచి ప్రశ్న. అందుకని ఒక మంగళవారం రాత్రి, అందరి రికార్డింగులూ కాపీ తీసి పెట్టుకుని, అతిథిని కావాలని నింపి వీడియో పని మొదలుపెట్టాము. పావుగంటలో పడింది. వీడియో లేకుండా అదే చేస్తే రాత్రంతా నిలబడింది. వీడియో పనిని వేరే కంప్యూటరుకు మార్చి, అతిథికి 8 గిగాబైట్లు చాలని తగ్గించి, ఏ రికార్డింగు ఎంతవరకు చేరినా అంతవరకు రెండోచోట కూడా కాపీ పడేలా చేశాము. 2024 మేలో బడి ముగిసేదాకా సర్వరు మళ్ళీ పడలేదు.

చిట్టాలో ఎవరెవరి సంగతులు ఉంటాయో కూడా తల్లిదండ్రులకు తెలియాలి. పిల్లల పేర్లు, మీ ఈమెయిళ్ళు, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్నది అన్నీ అందులో పడతాయి. మెమరీ డంప్ అయితే మరీను, ఆ క్షణాన మెమరీలో ఉన్న పాస్‌వర్డులతో సహా ఉంటుంది. అందుకని సాయం కోసం బయటివారికి చూపించవలసి వస్తే పేర్లన్నీ తీసేసిన పంక్తులు మాత్రమే చూపిస్తాము. డంపులను ఎక్కడికీ పంపము. పని అయ్యాక చెరిపేస్తాము.

హైస్కూలు పిల్లలు వేసవి సెలవుల్లో దీన్ని ఇంట్లో చేసి చూడవచ్చు. నాన్న ఆఫీసు ల్యాప్‌టాపు మీద మాత్రం వద్దు, మర్నాడు ఆయన ఐటీ విభాగానికి సంజాయిషీ చెప్పుకోవాలి. పాత కంప్యూటరులో ఒక లైనక్స్ వర్చువల్ మెషీన్ పెట్టుకుని, సీరియల్ పోర్టును ఫైలుకు తగిలించండి. తర్వాత అతిథిలో రూట్ అధికారంతో, ప్రాక్ ఫోల్డరులో ఉండే సిస్‌రిక్యూ-ట్రిగ్గర్ అనే ఫైలులోకి చిన్న 'సీ' అక్షరం ఒక్కటి రాయండి. కెర్నెలు కావాలనే కుప్పకూలుతుంది. సీరియల్ ఫైలులో పేజీడు అరుపులు కనిపిస్తాయి. అతిథి సొంత చిట్టాలో వాటి జాడ దొరుకుతుందేమో వెతకండి. రెండోసారి మళ్ళీ స్టార్టు చేసి, ఈసారి అతిథి జోలికి పోకుండా గృహస్థులోంచే ఆ ప్రోగ్రామును బలవంతంగా ఆపేయండి. ఇప్పుడు సీరియల్ ఫైలు తెరిచి, మొదటిదాని పక్కన పెట్టి చూడండి. రెండు ప్రింటవుట్లూ తీసుకుని సెప్టెంబరులో బడి తెరిచాక మా దగ్గరికి వస్తే, ఏ పంక్తి ఏమి చెబుతోందో కలిసి చదువుదాము.